మేష్టారి గదిలో మిగిలిన సీను

మేష్టారు పోయారన్న కబురు నాకు శ్రీకాకుళంలో, నేను పనిచేసే జెరాక్సు కొట్టులో, మిషను ముందు నిలబడి ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆయన ఇంటి ఓనరు. మేమంతా ఆవిణ్ణి పిన్ని అంటాం. హలో అనలేదు.

"మీ మేష్టారు లెగలేదురా," అంది. "పొద్దుటేసిన పేపరు గుమ్మంలోనే ఉండిపోనాది. గడియ ఇరగ్గొట్టి సూసినాం. పక్క మీదే, గోడేపు తిరిగి పడుకున్నారు. నువ్వు బేగి రా."

నా చేతిలో ఎవరిదో ఆధార్ కార్డు ఉంది. మిషను దాని పని అది చేసుకుంటూనే ఉంది. ఆపాలని కూడా తోచలేదు.

విజయనగరం చేరేసరికి మధ్యాహ్నమైంది. పార్వతీపురం నుంచి ఆయన తమ్ముడు వచ్చాడు. సాయంత్రానికి అంతా అయిపోయింది. శ్మశానం నుంచి తిరిగి వస్తుంటే ఆ తమ్ముడు నన్ను పక్కకి పిలిచి, "నువ్వెవరబ్బాయివి?" అని అడిగాడు. శిష్యుణ్ణి అందామంటే మేష్టారు నాకు బళ్ళో పాఠం చెప్పలేదు. చుట్టాన్ని కాను. "ఆదివారాలు సినిమా చూడ్డానికి వచ్చేవాణ్ణండి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. తలూపి ముందుకి నడిచాడు. ఆయనకి చెప్పలేకపోయింది మీకైనా చెబుదామని ఇది రాస్తున్నాను.

మీకు మేష్టారు తెలిసుండే వీల్లేదు. ప్రభుత్వ బళ్ళో డ్రాయింగ్ మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. కోటకి దగ్గర్లో ఒక సందులో, పిన్ని కిరాణా కొట్టు మీద ఉన్న ఒంటి గదిలో ఉండేవారు. భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. ఆయనకి ఒకటే పిచ్చి. మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట జరిగే సినిమాలు. ఆ పిచ్చి నాకూ అంటించారు. అంటించి, ఆయన గదిలోనే ఒక చిన్న సినిమా మొదలుపెట్టించారు. అందులో ముఖ్య వేషం ఆయనదే. ఇంకొక్క సీను తీస్తే అయిపోయేది. ఆయన పోయిన రోజు నుంచీ నన్ను కూర్చోనివ్వనిది, నిలబడనివ్వనిది ఆ ఒక్క సీనే.

ఆయన్ని మొదట చూసింది విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో. గోనె మిల్లు మూతబడి మా నాన్నలాంటి వాళ్ళు ఇళ్ళలో కూర్చున్న రోజులవి. నేను కరపత్రాలు పంచుతున్నాను. రాసింది నేనే. కాలేజీ సగంలో మానేసిన నేను చదువుకున్నదంతా కరపత్రాల్లోనూ, అలాంటి చిన్న పుస్తకాల్లోనూ. జనం తీసుకునేవారు, మడిచేవారు, వేరుశనగ తొక్కలు అందులో పోసుకునేవారు. ఈయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని, బొమ్మని చూసినట్టు చూశారు.

"ఇది నువ్వే రాసినావేటి?"

"అవునండి."

"కోపం బాగున్నాది. కాయితంలో కాళీ సోటే లేదు. మార్జినేదిరా? అచ్చరాలు ఊపిరాడక సస్తన్నాయి."

నాకు ఒళ్ళు మండింది. బయట మనుషులకి ఊపిరాడకపోతే మీకు అక్షరాల ఊపిరి కావలసి వచ్చిందా అని గట్టిగానే అడిగాను. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు. "ఆదివారం మా ఇంటికి రా. సినిమా సూపిస్తాను," అని, ఆ కరపత్రం వెనకే ఇంటి గుర్తులు రాసి నా చేతిలో పెట్టారు.

తన మీద అరిచినవాణ్ణి ఇంటికి పిలిచే మనిషిని అంతవరకూ నేను చూడలేదు. నేను అరిస్తే జనం తప్పుకుంటారు. నా స్నేహితులంతా అలాగే తప్పుకున్నారు. కొందరు చెన్నైలో బిల్డింగు పనులకి, కొందరు ఉన్నచోటే నోరు మూసుకుని. నేను కరపత్రాలు రాసిపెట్టే సంఘంలో వాళ్ళు కూడా నన్ను మీటింగులకి పిలవడం మానేశారు. కాబట్టి ఆ ఆదివారం నాకు వేరే పని లేదు. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే తేలిగ్గా ఉంది గానీ, ఆదివారం పూట పని లేకపోవడం, మాట్లాడ్డానికి మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో కొందరికే తెలుస్తుంది. ఆయనకి తెలుసు.

శ్రీకాకుళానికి దగ్గరి స్టేషనైన ఆమదాలవలసలో పాసింజరెక్కి, విజయనగరంలో దిగి, స్టేషన్ నుంచి నడుచుకుంటూ వెళ్ళేవాణ్ణి. పాత టీవీ, దానికో పెన్‌డ్రైవు, ఆయన మంచం, నేల మీద చాప. కిటికీకి దుప్పటి కట్టేవారు. తెర మీద మనుషులు మాట్లాడకుండా ఉండిపోయే ఘట్టం వస్తే లేచి వెళ్ళి ఫాను కట్టేసేవారు. చెమటలు కారిపోతున్నాయండి అంటే, "ఫాను రొదలో మనిషి ఊరుకోడం ఇనబడదురా," అనేవారు.

మొదట్లో గది నిండేది. పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, ఆయన పాత విద్యార్థులు వచ్చేవారు. ఫైటింగులు లేవు, పాటలు లేవు, కనీసం ఊరైనా మారదు అని ఒక్కొక్కరే మానేశారు. చివరికి నేనూ, సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో పనిచేసే సింహాచలమూ మిగిలాం. రానివాళ్ళని నేను తిడుతుంటే మేష్టారు, "పోనీలేరా, సోటు కలిసొచ్చినాది కదేటి, కాళ్ళు సాపుకో," అనేవారు.

ఆ సినిమాల పేర్లు నాకు గుర్తుండవు. కొన్ని ఏ దేశానివో కూడా తెలియదు. చోట్లు మాత్రం మా ఇంటి గదుల్లా గుర్తున్నాయి. నది మధ్యలో ఇసుక మేటకి తట్టుకుని ఆగిపోయిన పడవ. ఆపరేషన్ గది బయట వరండాలో బెంచీ. కర్ఫ్యూ రోజున షట్టరు దించేసిన దర్జీ కొట్టు.

సినిమా అయ్యాక బాగుంది, బాగాలేదు అనడానికి వీల్లేదు. సుద్దముక్క ఇచ్చేవారు. ఆ చోటుని నేల మీద గీయాలి. తలుపు ఎటుంది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, లేచి ఎక్కడికి మారారు. అదే ఆయన పాఠం. దర్జీ కొట్టు సినిమా చూసిన రోజు సింహాచలం గీశాడు. షట్టరు పక్కన కుట్టు మిషను, దాని ముందు దర్జీ, మూలన, తలదాచుకోవడానికి దూరిన మనుషులు, వాళ్ళలో కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి.

"మొదట్లో అలగున్నారు. కడాకరికి దర్జీ ఎక్కడున్నాడు?" అన్నారు మేష్టారు.

"మూలకెల్లిపోనాడండి."

"మిషను కాడ?"

"ఆ కండువా మనిసి కూకున్నాడండి."

"కొట్టు ఎవడిది?"

సింహాచలం నేలకేసి చూశాడు. "దర్జీదేనండి," అన్నాడు నెమ్మదిగా.

"సొంత కొట్లోనే మూలకెల్లిపోనాడు. ఎవుడూ తొయ్యలేదు. ఎవుడూ తిట్టలేదు. నువ్వు సేత్తో గీసినావు గాని కంటితో సూసుకోలేదు."

ఆ నేల మీద సుద్దగీతల్ని నేను చాలాసేపు చూశాను. భూములు ఎలా పోతాయో, ఊళ్ళు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతాయో నేను కట్టలకొద్దీ చదివాను. ఒక గదిలో ఒక మనిషి కూర్చునే చోటు మారితే అదంతా కనబడుతుందని ఎవరూ నాకు చెప్పలేదు.

అయినా నేను ఊరికే ఒప్పుకోలేదు. గదిలో కూర్చున్నవాళ్ళ బాధ తీరిక ఉన్నవాళ్ళ బాధ, అసలు బాధ వీధిలో ఉంటుంది, మిల్లు గేటు దగ్గర ఉంటుంది, కెమెరా అక్కడికి పోవాలి అని వాదించాను. ఆయన అగ్గిపెట్టె మీద వేలితో కొట్టుకుంటూ విన్నారు.

"ఈదిలో బాద ఈదిలోనే ఉండిపోతాదేటి? ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోదా?"

ఇప్పుడు ప్రతి సినిమాలోనూ డ్రోను ఎగురుతుంది. పెళ్ళి వీడియోలో కూడా ఎగురుతుంది. మా జిల్లాని పైనుంచి చూపించి, పొలాలు, కొండలు, నాగావళి ఒంపు అన్నీ చూపించి ఎంత అందమో అంటారు. ఆ అందం కింద ఎవరి వలస బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో డ్రోనుకి తెలీదు. ఈ మాటే నేను ఒకసారి ఆవేశంగా అంటే మేష్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "అంత ఎత్తు నించి సూస్తే ఎవుడు అన్నం తిన్నాడో, ఎవుడు తినలేదో అవుపడదురా." నా ఆవేశమంతా కలిపినా ఆ ముక్కకి సరిపోలేదు.

ఆ ఊపులోనే మనమే ఒక సినిమా తీద్దామని స్క్రిప్టు రాశాను. మిల్లు గేటు, ధర్నా టెంటు, కలెక్టరాఫీసు, మంత్రి కారు, రైలు, చెన్నైలో కడుతున్న అంతస్తులు. మేష్టారు ఓపిగ్గా చదివారు. కాగితాలు పక్కన పెట్టి, "మిల్లు మూసిన రోజు మీ నాన్న ఎక్కడున్నాడు?" అని అడిగారు.

"ఇంట్లోనేనండి. గోడకి చేరబడి కూర్చున్నాడు."

"ఎటేపు సూస్తన్నాడు?"

"గుమ్మం వైపు. షిఫ్టు కూత వేళకి చెవి రిక్కించేవాడు. అలవాటు కదండి."

"కూత వచ్చినాదా?"

"మిల్లే మూసేస్తే కూత ఎక్కడిదండి."

"మరదే సినిమా. ఎల్లి రాయి."

ఆ రోజు పాసింజరులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడే ఆమదాలవలస వచ్చాను. మా నాన్న అన్నాళ్ళు అలా కూర్చుంటే నేను ఆయన చుట్టూ తిరుగుతూ ప్రపంచం గురించి మాట్లాడాను. ఆయన ఎటు చూస్తున్నాడో మాత్రం మేష్టారు అడిగితేనే గుర్తొచ్చింది.

అలా మా సినిమా కుదిరింది. ఒక గది, ఒక ముసలి కార్మికుడు, ఆయన భార్య. మిల్లు కనబడదు. ఆయన రాని కూత కోసం గోడకి చేరబడి కూర్చుంటాడు. చివర్న లేచి, ఒక్క మాటా లేకుండా గుమ్మం దాటి వెళ్ళిపోతాడు. కెమెరా ఆయన వెంట వెళ్ళదు. గదిలో, ఆవిడ దగ్గర ఉండిపోతుంది.

మేష్టారు ముసలాయనగా కుదిరారు. భార్య వేషానికి మనిషి దొరకలేదు. మేమది మాట్లాడుకుంటుంటే పిన్ని మోటారు కట్టేయలేదని ఆయన్ని కేకలేస్తూ మెట్లెక్కి వచ్చింది. మేష్టారు ఆవిణ్ణి చూపించి "ఈవిడే" అన్నారు.

"నానేటి, ఏక్టింగేటి. ఎవులైనా ఇంటే నవ్విపోతారు."

"రోజూ నన్ను తిడతన్నావు కదా. అదే తిట్టు."

"మీకేటండి, అలగే అంటారు. కెమేరా ముందరెడితే తిట్టు రావద్దా?"

వచ్చింది. సింహాచలం ఫోను స్టాండుకి బిగించాడు. ఆదివారం ఆదివారం తీసుకుంటూ సగం దాకా వచ్చాం. మధ్యలో వానలు పట్టుకుని కొన్ని వారాలు ఆగాం. తిరిగి వెళ్ళిన రోజు సందులోనే రంగు వాసన తగిలింది. పైకి వెళ్ళి చూస్తే గది గోడలు లేత గులాబీ రంగులో మెరుస్తున్నాయి. పిన్ని గుమ్మంలో నిలబడి, మేం ఏమంటామా అని మా మొహాలే చూస్తోంది.

నాకు నోరు ఆగలేదు. "ఏం చేశావు పిన్నీ? సగం సినిమాలో మసి గోడ, సగం సినిమాలో గులాబీ గోడ. అంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావు."

"సినిమాలో మా ఇల్లు అలగ మసి పట్టి అవుపడితే మా సుట్టాలేటనుకుంటారు?" అంది పిన్ని. ఆవిడ గొంతు తగ్గిపోయింది. "బొబ్బిల్లో మా ఆడబడుసు సూస్తాదని సేయించినాను. మంచికే కదరా సేసినాను."

మేష్టారు మా ఇద్దరినీ పట్టించుకోలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, వేలితో ముట్టుకుని, వెనక్కి వచ్చి, మంచం మీద కూర్చుని మళ్ళీ చూశారు.

"మిల్లు మళ్ళీ తెరుస్తారని పుకారు పుట్టినాదనుకో," అన్నారు పిన్నితో. "ఆ ముసలోడి పెళ్ళాం ఏటి సేస్తాది?"

పిన్ని ఆలోచించింది. "గోడలకి రంగేయిస్తాది. పనికెల్తాడు కదా, మంచి రోజులొస్తాయని."

"మరి తెరవలేదనుకో?"

పిన్ని గోడకేసి చూసింది.

ఆ రోజు మేం తీసింది అదే. కొత్త రంగు గోడకి అదే మనిషి చేరబడి అటే చూస్తూ కూర్చోవడం. కదలిక లేదు, మాట లేదు. చోటు మారే సినిమాలో గోడ రంగు మారితే ఎవరికీ పట్టదు. కళ్ళు అప్పటికే ఇంకో ఊళ్ళో ఉంటాయి. చోటు మారని సినిమాలో గోడ ఒక మనిషంత అవుతుంది. దాని మీద ఒక ఆశ వచ్చి, ఉండి, పోవడం కనబడుతుంది. నా కలెక్టరాఫీసు, మంత్రి కారు, రైలు కలిపి చెప్పలేనిది పిన్ని తప్పుగా వేయించిన ఒక డబ్బా రంగు చెప్పింది. దాన్ని తప్పు అనకుండా అరక్షణం ఆగి చూసిన మనిషి మేష్టారు. ఆ ఆగడం నాకు ఇంకా రాలేదు. నేర్పేవారు ఇప్పుడు లేరు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మీకు ఇలాంటి సినిమాలే ఎందుకిష్టమని. ఆయన కిటికీ దుప్పటి విప్పుతూ చెప్పారు. "మా ఆవిడ పోయాక ఊళ్ళు తిరిగినానురా. కాశీ ఎల్లినాను, పూరీ ఎల్లినాను. ఏ ఊళ్ళో దిగినా నేనే దిగేవోణ్ణి. ఇంక తిరగబుద్ది కాలేదు. ఒక్కసోటే కూకుని సూద్దారి, ఏటవుతాదో అనుకున్నాను." నేను దుప్పటి మడత పెట్టడానికి రెండో కొస పట్టుకున్నాను.

ఆయన పోయాక తమ్ముడు టీవీ, ట్రంకు పెట్టె, మంచం వ్యానులో వేసుకుని వెళ్ళాడు. నెలాఖరుకి ఎవరో బ్యాంకు ఉద్యోగి గదిలో దిగుతున్నాడని, అడ్వాన్సు కూడా ఇచ్చేశాడని పిన్ని చెప్పింది. మిగతావన్నీ తీసేశాం, ఆయన లేచి గుమ్మం దాటే సీను ఒక్కటే మిగిలింది. ఆ గది పోతే సినిమా లేదు. ఇంకో గదిలో తీయడానికి అది ఇంకో సినిమా కాదు కదా.

సింహాచలం ఆలోచించి ఒక దారి చెప్పాడు. "మా మావకి మేష్టారి సొక్కా ఏసి ఎనక నించి నడిపిద్దాం. ముకం కావాలంటే యాప్‌లో పెట్టీవొచ్చు. ఎవులికీ తెలదు."

"నాకు తెలుస్తుంది," అన్నాను. సందు చివరిదాకా వినబడేలా అన్నాను. సినిమా అంతా కదలకుండా కూర్చున్న మనిషి ఒకడు, లేచి వెళ్ళేది ఇంకొకడా. అబద్ధాలు చెప్పడానికి దేశంలో పెద్ద పెద్ద సంస్థలున్నాయి, మనం కూడా మొదలుపెట్టక్కర్లేదు అని ఇంకా చాలా అన్నాను. వాడు అంతా విని, "మరేటి సేద్దారి సెప్పు. ఒగ్గీమంటావా? ఆయన కూకున్నదంతా ఫోన్లోనే ఉండిపోవాలా?" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. ఇలాంటప్పుడు అడగడానికి మాకు ఉన్న ఒక్క మనిషి గురించే ఆ గొడవంతా.

నెలాఖరుకి ముందు ఆదివారం స్టాండు, చాప తెచ్చుకుందామని వెళ్ళాం. పిన్ని గది ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. మేం సామాను సర్దుతుంటే చీపురు పట్టుకుని అలాగే నిలబడింది.

"మరి నా సీను తియ్యరేటి?"

"మేష్టారు లేరు కదా పిన్నీ," అన్నాను.

"ఆయన ఎల్లిపోయాకే కదరా నా సీను. ఆయన గుమ్మం దాటినాక నాను ఒక్కర్తినీ కూకోవాలి, అదే ఆకరని ఆయనే సెప్పినారు. ఆయన ఎల్లిపోనారు. నాను ఇంకా కూకోలేదు."

సింహాచలం నా వైపు చూశాడు. నేను చాప కింద పెట్టేశాను.

మధ్యాహ్నం ఎండ గుమ్మంలోంచి గదిలోకి వచ్చే వేళ. సింహాచలం ఫోను బిగించాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. ఏం చేయాలో పిన్నికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ గది మధ్యలో, నేల మీద, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. కొంతసేపు చేతి గాజులు సర్దుకుంది. తర్వాత అదీ మానేసింది. కింద కొట్లో ఎవరో పంచదార అడుగుతున్నారు. ఆవిడ పలకలేదు. అడిగినవాళ్ళు వెళ్ళిపోయారు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. నెమ్మదిగా, ఒక్కో మెట్టు మీద ఆగుతూ. పిన్ని తల గుమ్మం వైపు తిరిగింది. ఒక చెయ్యి నేలకి ఆన్చి సగం లేచింది. అడుగులు మా గుమ్మం దగ్గర ఆగలేదు. పైకి, డాబా మీదికి వెళ్ళిపోయాయి. పైన ఎవరో తడి బట్టలు దులుపుతున్నారు. పిన్ని లేవలేదు, తిరిగి కూర్చోలేదు. చెయ్యి నేల మీదే ఉంచి, గుమ్మంలో పడిన ఎండని చూస్తూ అలాగే ఉండిపోయింది.